అన్నిటికన్నా వ్యాపారం మిన్న: ఒక జర్మన్ పతకం, దత్తమండలాల లెక్క

అద్దాల బీరువాలో చేరిన వస్తువుకు రాజకీయం ఉండదని వాదించే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. ఒక శిల్పమో, నాణెమో, పతకమో మ్యూజియం గడప దాటగానే దాని పాత చరిత్ర అంతా కడిగివేయబడి శుద్ధ కళాఖండమైపోతుందట. చూసేవాడు దాని రేఖలూ, పొంకమూ చూసి ఆనందించాలే గాని, ఎవరు చేయించారు, ఎందుకు చేయించారు, ఎవరి సొమ్ముతో చేయించారు అని అడగడం మొరటుతనమట. ‘కళ కళకోసమే’ అన్న పాత పాటకు ఇది మ్యూజియం వరస. ఈ వాదాన్ని ఖండించడానికి పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాలు అక్కర్లేదు. అరచేతిలో ఇమిడే ఒక బిళ్ళ చాలు.

ఆ బిళ్ళ 1915లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో తయారైంది. చేసినవాడు కార్ల్ గోట్జ్ అనే పతకశిల్పి. వెడల్పు రెండంగుళాల పైచిలుకు. ఒకవైపు మునిగిపోతున్న పెద్ద ఓడ. దాని మీద ఫిరంగులూ, విమానాలూ కుప్పపోసినట్టు చెక్కి, పైన ‘నిషిద్ధ సరుకు లేదు!’ అని వెటకారంగా రాశాడు. రెండోవైపు కూనార్డ్ ఓడల కంపెనీవారి టిక్కెట్ల కిటికీ. కిటికీలో కూర్చుని టిక్కెట్లు అమ్ముతున్నది ఒక అస్థిపంజరం. ఎదుట జనం గుమిగూడి ఉన్నారు. వారిలో ఒకడు జలాంతర్గాముల ప్రమాదాన్ని గురించిన వార్త చదువుతున్నాడు. గడ్డం పెంచిన పెద్దమనిషి ఒకడు హెచ్చరికగా వేలెత్తి నిలుచున్నాడు. పైన పెద్ద అక్షరాలతో ‘అన్నిటికన్నా వ్యాపారం మిన్న’ అని ఉంది. అన్నిటికన్నా జర్మనీ మిన్న అని తన దేశంలో పాడుకునే పాటనే తిరగేసి శత్రువు ముఖాన కొట్టాడన్నమాట.

ఓడ పేరు లూసిటానియా. 1915 మే 7న ఐర్లండు తీరానికి దగ్గరలో యు-20 అనే జర్మన్ జలాంతర్గామి దాన్ని టార్పెడోతో కొట్టింది. పద్దెనిమిది నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. 1,198 మంది చనిపోయారు. వారిలో ఆడవాళ్ళున్నారు, చంటిబిడ్డలున్నారు. ఇది హత్య. దీనికి సమర్థన లేదు. ఈ మాట ముందుగా చెప్పుకునే మిగతా లెక్కలోకి దిగాలి. ఎందుకంటే సామ్రాజ్యవాదుల జమాఖర్చుల్లో చచ్చినవాళ్ళు ఎప్పుడూ ఎదుటివాడి ఖాతాలోనే కనిపిస్తారు.

గోట్జ్ వెటకారంలో నిజం లేకపోలేదు. ఆ ఓడలో సుమారు 42 లక్షల తుపాకీ తూటాలున్నాయి. ఫిరంగిగుండ్ల పెట్టెలున్నాయి. అసలా ఓడను కట్టడానికే బ్రిటిష్ ప్రభుత్వం కూనార్డ్ కంపెనీకి అప్పిచ్చింది. లూసిటానియాకూ దాని జంట ఓడకూ కలిపి 26 లక్షల పౌన్లు. యుద్ధం వస్తే నౌకాదళానికి పనికిరావాలన్నది ఆ అప్పు వెనుక ఉన్న షరతు. ప్రయాణికుల కాళ్ళకింద తూటాలు పేర్చి, ఆ ప్రయాణికులకే టిక్కెట్లమ్మిన కంపెనీని అస్థిపంజరంగా చూపడంలో అబద్ధమేముంది?

అబద్ధం గోట్జ్ చూపినదానిలో లేదు, దాచినదానిలో ఉంది. ఆ పతకం మీద మునుగుతున్న ఓడ ఉంది, మునుగుతున్న మనిషి ఒక్కడూ లేడు. వ్యాపారం అన్నిటికన్నా మిన్న అన్నది ఇంగ్లీషువాడి గుణమే అయినట్టు రాశాడు గాని, ఎసెన్ పట్టణంలో క్రుప్ కంపెనీవారు ఏ వ్యాపారం చేస్తున్నారో రాయలేదు. ఆ సంగతి మనం రాద్దాం. యుద్ధానికి పూర్వమే క్రుప్ తన ఫిరంగిగుండ్ల ఫ్యూజు పేటెంటును బ్రిటిష్ విక్కర్స్ కంపెనీకి ఇచ్చింది. యుద్ధంలో ఆ రకపు ఫ్యూజులున్న బ్రిటిష్ గుండ్లు జర్మన్ కుర్రవాళ్ళ మీద పడ్డాయి. యుద్ధం ముగిసిన తరవాత, వాడిన ఫ్యూజులకు రాయల్టీ కట్టమని క్రుప్ దావాకు దిగింది. చివరకు 1920ల్లో ఎంతో కొంత ముట్టజెప్పి విక్కర్స్ రాజీ చేసుకుంది. తన దేశపు బిడ్డలను చంపిన గుండ్లకు అద్దె వసూలు చేసుకున్న కంపెనీ అది! టిక్కెట్ల కిటికీలో కూర్చున్న అస్థిపంజరానికి ఇంగ్లీషు రాదు, జర్మనూ రాదు. దానికి వచ్చిన భాష ఒక్కటే, లాభం.

ఇక ఈ కథలో రెండో దొంగ. గోట్జ్ తన పతకం మీద ఓడ మునిగిన తేదీ మే 5 అని తప్పుగా వేశాడు. పత్రికలో చూసిన తేదీ వేశానని తరవాత చెప్పుకుని, మే 7 అని దిద్దాడు గూడా. కాని ఆ తప్పు బ్రిటిష్ ప్రచారశాఖకు కొంగుబంగారమైంది. ‘చూశారా, రెండు రోజుల ముందే పతకం సిద్ధం చేసుకున్న రాక్షసులు!’ అని గోల చేశారు. అంతటితో ఆగలేదు. నౌకాదళపు గూఢచారిశాఖవారి పూనికతో ఆ పతకానికి ఇనుముతో నకళ్ళు చేయించారు. అందమైన అట్టపెట్టెలో పెట్టి, జర్మన్ల క్రూరత్వాన్ని వర్ణించే కరపత్రం జతచేసి, ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మారు. సెల్‌ఫ్రిడ్జ్ అనే లండన్ దుకాణాల షావుకారు ఆ పంపకాన్ని నెత్తిన వేసుకున్నాడు. రెండున్నర లక్షలకు తక్కువగాకుండా అమ్ముడుపోయాయి. గోట్జ్ స్వయంగా చేసినవి కొన్ని వందలు మాత్రమే. దొంగనకలు చేసేటప్పుడు జర్మన్ భాషలో ‘మై’ అని ఉండవలసిన నెల పేరు ఇంగ్లీషులో ‘మే’ అని పడింది. దొంగ దొరికిపోయే చోటు ఎప్పుడూ అంత చిన్నదే.

వచ్చిన సొమ్ము కళ్ళు పోయిన సైనికుల సంస్థకూ, రెడ్‌క్రాసుకూ ఇచ్చారు. మంచిదే. కాని ఆలోచించండి. ‘అన్నిటికన్నా వ్యాపారం మిన్న’ అని తమను వెక్కిరించిన పతకాన్ని ఇంగ్లీషు పాలకవర్గం ఏం చేసింది? సరుకు చేసింది. ధర కట్టింది. దుకాణంలో పెట్టి అమ్మింది. గోట్జ్ చేసిన నేరారోపణను రుజువు చేసే పనిని ముద్దాయే స్వయంగా నెత్తిన వేసుకున్నాడన్నమాట! జర్మన్ ప్రభుత్వానికి గూడా చివరకు సిగ్గేసింది కాబోలు, 1917 జనవరిలో బవేరియా అధికారులు ఆ పతకాన్ని ఆపెయ్యమన్నారు. నిజం ఎక్కువై ఆపలేదు. ప్రచారం ఎదురు తిరిగిందని ఆపారు.

‘ఇదంతా తెల్లవాళ్ళ గొడవ. జొన్నచేలూ, కరువుబండలూ తప్ప మరేమీ లేని కర్నూలు, కడప జిల్లాల విద్యార్థికి దీనితో ఏం పని?’ అని అడిగేవారుంటారు. ఇది అమాయకపు ప్రశ్నగా కనిపిస్తుంది, కాని ప్రమాదకరమైన ప్రశ్న. దున్నలూ దున్నలూ కొట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని మన రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అసలు ఈ ప్రాంతం ఇంగ్లీషువాడి చేతికి ఎట్లా వచ్చింది? 1800లో నైజాం నవాబు తన రక్షణకని కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. ఆ సైన్యం ఖర్చు కింద కడప, బళ్ళారి మొదలైన సీమలను కంపెనీకి రాసి ఇచ్చాడు. దత్తమండలాలన్న పేరు అప్పటిదే. అంటే, మన సీమ యుద్ధవ్యాపారంలో కట్టిన ఒక బిల్లు. ఇచ్చినవాడు మనల్ని అడగలేదు, పుచ్చుకున్నవాడూ అడగలేదు. అటువంటి నేలమీద పుట్టినవాడికి యుద్ధపతకం వెనుక ఉన్న లెక్క అడిగే హక్కు లేకపోతే మరెవరికి ఉంటుంది? 1928లో నంద్యాల మహాసభలో దత్తమండలాలన్న పేరు తీసివేసి రాయలసీమ అని పెట్టుకున్నాం. పేరు మారింది. కట్టిన బిల్లుకు రసీదు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

‘నిషిద్ధ సరుకు’ సంగతి గూడా మనకు కొత్తగాదు. కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్ కోటలో రహస్యంగా ఫిరంగులూ, మందుగుండూ కూడబెట్టాడన్న అభియోగం మీద 1839లో ఆంగ్లేయ సైన్యం వచ్చి సోదా చేసింది. ఆయుధాలు దొరికాయి. రాజ్యం పోయింది, నవాబు తిరుచిరాపల్లిలో ఖైదీ అయ్యాడు. నవాబుల పాలన మనకు ముద్దేమీ గాదు. కాని న్యాయం ఎట్లా ఉందో చూడండి. కర్నూలు కోటలో తుపాకిమందు ఉంటే అది రాజద్రోహం. ప్రయాణికుల ఓడ అడుగున 42 లక్షల తూటాలుంటే అది మామూలు సరుకు! సామ్రాజ్యం నిఘంటువులో మాటకు అర్థం ఎవరి చేతిలో ఏముందన్నదాన్ని బట్టి మారుతుంది.

వ్యాపారం అన్నిటికన్నా మిన్న అన్న మాటకు మన జిల్లాల్లో ఇంకా స్పష్టమైన భాష్యం ఉంది. అదే కర్నూలు–కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా నీళ్ళు తెస్తామని 1850ల చివర మద్రాసు ఇరిగేషన్ కంపెనీ లండనులో పుట్టింది. పది లక్షల పౌన్ల పెట్టుబడి. ఆ పెట్టుబడి మీద నూటికి ఐదు వంతున వడ్డీ వచ్చి తీరుతుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా, రైతు నీళ్ళు తీసుకున్నా తీసుకోకపోయినా, లండనులోని వాటాదారుడి వడ్డీ మాత్రం ఎండిపోదు. ఎవడి ఖజానానుంచి వస్తుంది ఆ వడ్డీ? కాలువ గట్టున నిలుచున్న రైతు కట్టిన శిస్తునుంచే. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. ఆ కాలువ ఈనాటికీ పొలాలను తడుపుతున్నది, సంతోషమే. ఐతే దాని మొదటి పంట పండింది మాత్రం లండన్ వాటాల బజారులో.

ఆ రెండు సంఘటనల మధ్య ఒక కరువు ఉంది. ధాత కరువు అని మన తాతలు చెప్పుకున్నది అదే, 1876–78 నాటిది. కర్నూలు జిల్లా మీద ఆ కరువు కొట్టిన దెబ్బ ఎట్లాంటిదంటే, 1871 జనాభాలెక్కకూ 1881 లెక్కకూ నడుమ జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. సరిగ్గా ఆ కరువు నడిబొడ్డున, 1877 జనవరి 1న, లార్డ్ లిట్టన్ ఢిల్లీలో మహాదర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. ఆమెకు వారు ఎంచి తెచ్చిన బిరుదేమిటి? కైసర్-ఇ-హింద్. ఆ సందర్భానికి బంగారంతోనూ, వెండితోనూ పతకాలు పోయించి సంస్థానాధీశులకూ, అధికారులకూ పంచారు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పర్యవేక్షణకని మద్రాసు రాజధానికి వచ్చాడు. రోజంతా రాళ్ళు కొట్టిన మగవానికి ఒక పౌను ధాన్యపు ఖరీదు, పైన ఒక అణా చాలునని తేల్చాడు. పౌనంటే మన లెక్కన సుమారు 39 తులాలు. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని వాదించాడు. ఆయన వాదం గెలవడానికి నెలలు పట్టింది. ఆనాటికే కడప మీదుగా రైలుంది. బస్తాలు మోసుకొచ్చే రైలుంది, కొనుక్కునే డబ్బు కూలివాడి దగ్గర లేదు. అదే కాలంలో మనదేశంనుంచి ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి ఒక్కరోజూ నిలవలేదు. టిక్కెట్ల కిటికీలో అస్థిపంజరాన్ని గోట్జ్ ఊహించి చెక్కాడు. కర్నూలు, కడప రోడ్ల మీద అవి నిజంగా నడిచాయి.

‘కైసర్’ అన్న మాటను మళ్ళీ చూడండి. 1914లో కైసర్‌ను తుదముట్టించాలని ఇంగ్లీషువాళ్ళు కేకలు పెట్టారు. ఏ కైసర్‌ను? విక్టోరియా రాణి కూతురి కొడుకైన జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్‌ను. ఇటు యుద్ధానికి పిలిచినవాడెవరు? ఆమె కొడుకు కొడుకైన ఐదవ జార్జి. ఆయన బిరుదూ కైసర్-ఇ-హిందే. ఒకే అవ్వ మనవళ్ళు ఇద్దరు ఒకే బిరుదు తగిలించుకుని దాయాదుల తగవు పెట్టుకుంటే, ఆ తగవుకు ఖర్చు పెట్టవలసినవాడు దత్తమండలాల రైతా?

ఖర్చు పెట్టించారు గూడా. మనదేశంనుంచి 13 లక్షల మందికి పైగా సముద్రం దాటి వెళ్ళారు. 74 వేల మంది తిరిగి రాలేదు. 1917లో భారతదేశం బ్రిటనుకు పది కోట్ల పౌన్లు, అంటే 150 కోట్ల రూపాయలు ‘కానుక’గా ఇచ్చినట్టు రాసుకున్నారు. అది దాదాపు ఒక ఏడాది ప్రభుత్వ రాబడి అంత మొత్తం. కానుక ఇచ్చేవాడు సంతకం చెయ్యకుండానే పుచ్చుకునేవాడే రెండు సంతకాలూ చేసుకున్న కానుక ఇది! ధాన్యం, బట్ట, కిరసనాయిలు, ఉప్పు ధరలు మిన్నంటాయి. 1918 మే నుంచి సెప్టెంబరు లోపల మద్రాసు రాజధానిలో నూరుకు పైగా చోట్ల జనం ధాన్యపు కొట్ల మీద పడ్డారు. ఆ ఏడే వానలు ముఖం చాటేశాయి. ఆ ఏడే విషజ్వరం వచ్చి దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. ఈ చచ్చినవాళ్ళ పేర ఎవరూ పతకం పోయించలేదు. వాళ్ళను ఏ జలాంతర్గామీ ముంచలేదు గనుక వారి చావు ప్రచారానికి పనికిరాలేదు.

అప్పుడు నిజం రాయగల నోళ్ళు మన ప్రాంతంలో లేవా? ఉన్నాయి. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో పరప్రభుత్వాన్ని క్రూరమైన పులి అన్నందుకు మూడేళ్ళ శిక్ష అనుభవించాడు. పతకం మీద అస్థిపంజరాన్ని చూసి జర్మన్లను అనాగరికులన్నవారే, తమను పులి అన్న ఉపాధ్యాయుణ్ణి జైల్లో వేశారు. వెటకారం ఎదుటివాడి మీదైతే దేశభక్తి, తమ మీదైతే రాజద్రోహం.

యుద్ధం ముగిసింది. గెలిచినవారు గూడా పతకాలు పంచారు. ఈ పతకాలను లూసిటానియా పతకం పక్కన పెట్టి చూడాలి. బ్రిటిష్ వార్ మెడల్ రెండు లోహాల్లో వచ్చింది. తుపాకి పట్టినవాడికి వెండి. మూటలు మోసినవాడికి, గుంటలు తవ్వినవాడికి, చైనా కూలీకి, భారతీయ కూలీకి, మాల్టా కూలీకి కంచు. చావు అందరికీ ఒకటే, లోహం మాత్రం వేరు! మన ఊళ్ళలో పంక్తిభేదం పాటించేవారిని అనాగరికులన్న దొరలు పతకాల పంక్తిలో చేసిన పని ఇది. ఇక విక్టరీ మెడల్ వెనుక ఏం రాశారో తెలుసా? ‘నాగరికత కోసం మహాయుద్ధం’ అని. రెండు బిళ్ళలూ పక్కపక్కన పెట్టండి. ఓడిపోయినవాడి బిళ్ళ మీద ‘అన్నిటికన్నా వ్యాపారం మిన్న’ అని ఉంది. గెలిచినవాడి బిళ్ళ మీద ‘నాగరికత కోసం’ అని ఉంది. శత్రువును తిట్టబోయి ఒకడు నోరుజారి నిజం చెప్పాడు. తన్ను పొగుడుకోబోయి రెండోవాడు తెలిసి అబద్ధం చెప్పాడు. మ్యూజియాల్లో గౌరవం దక్కినది మాత్రం ఆ రెండో బిళ్ళకే.

ఇక్కడ మన శిబిరంలోనే ఒక పొరపాటు ధోరణి తలెత్తవచ్చు. ‘ఇంగ్లీషువాడి బండారం బయటపెట్టినవాడు మనవాడే’ అనే ధోరణి. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక చెన్నపట్నం మీద సుమారు 130 గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టినప్పుడు, దొరలు బెదిరిపోవడం చూసి లోలోపల సంతోషించినవారున్నారు. తమిళులు గండరగండణ్ణి ఈనాటికీ ‘ఎండన్’ అంటారు. ఆ సంతోషం అర్థం చేసుకోదగ్గదే. కాని ఆ గుండ్లకు చచ్చిన ఐదుగురూ లండన్ వాటాదారులు గారు. శత్రువు శత్రువు మిత్రుడన్న సూత్రం మార్వాడీ లెక్కకు పనికొస్తుందేమో గాని, విముక్తి ఉద్యమానికి పనికిరాదు. ఋజువు కావాలంటే గోట్జ్ తరవాతి పని చూడండి. 1920లో ఇతనే ఇంకో పతకం చేశాడు. రైన్ నదీతీరంలో కాపలాకు వచ్చిన ఫ్రెంచి సైన్యంలోని ఆఫ్రికా సైనికుణ్ణి పశువులాగా, వికృతంగా చెక్కి, దానికి ‘నల్ల అవమానం’ అని పేరు పెట్టాడు. ఫ్రెంచి పెట్టుబడిదారుణ్ణి వదిలేశాడు. ఫ్రెంచివాడు తన పల్లెనుంచి ఈడ్చుకొచ్చిన నల్లవాడి మీద కసి తీర్చుకున్నాడు. తరవాత హిట్లర్ బొమ్మతో గూడా పతకాలు చేశాడు. వ్యాపారాన్ని వెక్కిరించినవాడు జాతిద్వేషపు వ్యాపారి ఎట్లా అయ్యాడు? దోపిడీని వర్గంగా చూడకుండా జాతిగా చూసిన ప్రతివాడూ చివరకు చేరే మజిలీ అదే.

అంటే జర్మనీ అంతా అట్లాగే ఉందని గాదు. లూసిటానియా మునిగిన ఆ మే నెలలోనే, ఆ జర్మనీలోనే, కార్ల్ లీబ్‌నెక్ట్ రహస్యంగా ఒక కరపత్రం వేశాడు. అసలు శత్రువు మన దేశంలోనే ఉన్నాడని అందులో చాటాడు. 1914 డిసెంబరు 2న పార్లమెంటులో యుద్ధవ్యయానికి వ్యతిరేకంగా ఓటు వేసిన ఒకే ఒక్కడు ఆయన. ఇక కళ మాటకు వస్తే, కేథె కొల్‌విట్జ్ ఉంది. 1914 అక్టోబరులో ఆమె చిన్నకొడుకు పీటర్ యుద్ధంలో చనిపోయాడు. ఆమె ఇంగ్లీషువాణ్ణి అస్థిపంజరంగా చెక్కలేదు. ఏళ్ళ తరబడి శ్రమించి మోకాళ్ళ మీద కూలిన తల్లినీ తండ్రినీ చెక్కింది. ఆ విగ్రహాలను 1932లో బెల్జియంలో సైనికుల శ్మశానంలో నిలిపారు. ఆ తల్లి జర్మన్ అని ముఖం చూసి చెప్పగలవారెవరూ లేరు. మన ధాత కరువులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి అంటే నమ్ముతారు. 1933లో నాజీలు ఆమెను కళాపరిషత్తు నుంచి వెళ్ళగొట్టారు. కళ కళకోసమే అనేవారు జవాబు చెప్పాలి. ఆమెను వెళ్ళగొట్టినవారికి కళలో రాజకీయం కనబడింది గదా, మీకు మాత్రం ఎందుకు కనబడదు?

2014లో బ్రిటిష్ మ్యూజియంవారు మొదటి ప్రపంచయుద్ధ కాలపు జర్మన్ పతకాలతో ఒక ప్రదర్శన జరిపి దానికి ‘పతకానికి రెండోవైపు’ అని పేరు పెట్టారు. నూరేళ్ళ తరవాత శత్రువు వైపు గూడా చూడాలని తోచడం మంచి మార్పే. కాని పతకానికి రెండే వైపులనుకోవడం తెల్లవాళ్ళ తగవులో పుట్టిన అలవాటు. ఆ లోహానికీ, ఆ ఓడకూ, ఆ తూటాలకూ, ఆ సైన్యాలకూ డబ్బు కట్టినవాళ్ళ వైపు ఇంకొకటుంది. ఆ వైపు చూపించే పని బ్రిటిష్ మ్యూజియం చెయ్యలేదని ఏడుస్తూ కూర్చోవడం బానిస లక్షణం. ఆ పని మనది.

ప్రదర్శించడం అంటే ఏమిటో దొరలకు బాగా తెలుసు. పాలెగాళ్ళ హక్కులు హరించిన కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆ తలను కోటకు వేలాడదీసి 1877 దాకా అట్లాగే ఉంచారు. ఢిల్లీలో కైసర్-ఇ-హింద్ పతకాలు పంచిన సంవత్సరం గూడా 1877 అని మరువకండి. ముప్పై ఏళ్ళ పాటు దత్తమండలాల్లో దొరలు నడిపిన మ్యూజియం అది. చూడవలసినవాళ్ళెవరో, నేర్చుకోవలసిన పాఠమేమిటో వారికి సందేహం లేదు. వస్తువు మాట్లాడదనే అమాయకత్వం వారికి ఏనాడూ లేదు. అది మన మేధావులకే అంటుకుంది.

కర్నూలు, కడప మ్యూజియాల్లో శిల్పాలున్నాయి, శాసనాలున్నాయి. వాటిని తక్కువ చెయ్యనక్కర్లేదు. వాటిని చెక్కినవాళ్ళూ మన కూలీలే. కాని వాటి పక్కన లెక్కలు గూడా పెట్టించాలి. 39 తులాల ధాన్యం ఒక దోసిట్లో పోసి, రోజంతా రాళ్ళు కొట్టినవానికి ఇది కూలి అని చూపించాలి. 1871, 1881 జనాభాలెక్కల పుటలు రెండూ పక్కపక్కన తెరిచి ఉంచాలి. కాలువ కంపెనీ వడ్డీ హామీని తెలుగులో రాసి వేలాడదీయాలి. 1875లో గ్రిబుల్ రాసిన కడప మాన్యుయల్‌లోనూ, 1886లో నరహరి గోపాలకృష్ణమచెట్టి రాసిన కర్నూలు మాన్యుయల్‌లోనూ ఈ పనికి కావలసిన ముడిసరుకు ఉంది. చరిత్ర ఉపాధ్యాయులు పిల్లల చేత రాజుల పట్టాభిషేకాల తేదీలు వల్లె వేయించడం మాని, వాటిని తెరిపించాలి. ప్రతి ఊళ్ళో కరువు కథలు చెప్పగల ముసలివాళ్ళ మాటలు రాయించాలి.

ఇక లూసిటానియా పతకం బొమ్మ ఏ పాఠ్యపుస్తకంలోనైనా, ఏ ప్రదర్శనలోనైనా ఎదురైతే, దాని కింద మన విద్యార్థులు రాయవలసిన మాటలివి: దీన్ని ఒక జర్మన్ చేశాడు. ఒక ఇంగ్లీషు షావుకారు దీని నకళ్ళు అమ్మించాడు. ఓడలో 1,198 మంది చనిపోయారు. ఉభయపక్షాల ఫ్యూజులకూ లాభం ఒకే పేటెంటు మీద వచ్చింది. ఖర్చు కట్టినవారిలో కర్నూలు, కడప జిల్లాల రైతులున్నారు, వారిని ఎవరూ అడగలేదు. ఇంకొక యుద్ధానికి ఇంకొక నాగరికత పేరుతో చందా అడగడానికి ఎవరైనా వస్తే, ఈ ఐదు వాక్యాలూ చదివించి, ముందు పాత లెక్క తేల్చి రమ్మని చెప్పండి.